బురుజు మీది బూర్జువా

చిత్తూరు

పిల్లలూ,

మీ వీధి గోడ మీద ఎర్రరంగుతో రాసిన 'బూర్జువా పార్టీలు' అన్న మాట చదివి, "తాతా, బూర్జువా అంటే చంద్రగిరి కోట బురుజు మీద కాపలా ఉండేవాడా?" అని మొన్న ఫోన్‌లో అడిగారు. మీ అవ్వ నవ్వింది. నేను నవ్వలేదు. మీకు తెలియకుండానే సగం దారి నడిచేశారు.

అది ఫ్రెంచి మాట. వాళ్ల 'బూర్' అంటే చుట్టూ గోడ కట్టుకుని, లోపల సంత సాగే ఊరు. అందులో ఉండేవాడు బూర్జువా. జర్మన్లకు కోట 'బుర్గ్'. హాంబర్గ్, స్ట్రాస్‌బర్గ్ ఊళ్లకున్న తోక అదే. మీరు తినే బర్గర్‌కు పేరు వచ్చిందీ హాంబర్గ్ నుంచే. మన బురుజేమో అరబ్బీ 'బుర్జ్'. ఇవన్నీ దూరపు చుట్టాలేనని కొందరు పండితులంటారు.

ఒక చెనక్కాయ ఒలవండి. తొక్క కోటగోడ. గింజలు ఊరిజనం, అంటే నేతగాళ్లు, కంసాలులు, వర్తకులు. ప్రభువులూ కారు, పొలం దున్నేవాళ్లూ కారు. గోడచాటున బేరాలు సాగి గింజ బలిసింది. తర్వాత తొక్క ఊడింది, గింజకు తొక్క పేరే మిగిలింది. ఆ గింజలే చివరికి గానుగ కొనుక్కున్నాయి. (గింజలు గానుగ కొనడమేమిటని అడక్కండి, పోలిక నాకూ కుంటుతోంది.) 1848లో మార్క్స్, ఎంగెల్స్ కమ్యూనిస్టు మేనిఫెస్టో తెచ్చేనాటికి బూర్జువా అంటే గానుగ సొంతదారు, అంటే ఫ్యాక్టరీలూ పెట్టుబడీ చేతిలో ఉన్న యజమాని. కూలికి దాన్ని తిప్పేవాడు వేరు.

చిన్నప్పుడు మీటింగుల్లో ఈ మాట విని గొప్ప బిరుదనుకున్నాను. కాయలు కొనే షావుకారుకు "నమస్కారం బూర్జువాగారూ" అన్నాను. పాపం, ఆయనకూ తెలియదు. సంతోషపడి గుప్పెడు ఉడికించిన కాయలు పెట్టాడు. ఇంటికొచ్చి చెబితే మా నాయన వీపు మీద ఒకటి పెట్టాడు. ఆయనకు తెలుసు మరి! తిట్టయినా పొగడ్తయినా ఒలిచి చూసుకుని వాడాలిరా అన్నాడు.

మీ పాఠంలోని 'పౌరుడు' కూడా ఇలాంటివాడే, పురంలో ఉండేవాడు. వేదకాలంలో 'పుర్' అంటే కోట. కోటలు బద్దలుకొట్టాడనే ఇంద్రుడు పురందరుడయ్యాడు. రెండు మాటలూ గోడలోపలే పుట్టాయి. ఒకటి పాఠంలో గౌరవమైంది, ఇంకోటి తిట్టయి మళ్లీ గోడకే ఎక్కింది. నాకిప్పటికీ వింతగానే ఉంటుంది.

వచ్చే ఆదివారం చంద్రగిరి బస్సెక్కండి. రాజమహల్ తర్వాత చూద్దురుగాని, ముందు కోటగోడ వెంబడి నడిచి బురుజులెన్నో లెక్కపెట్టి నాకు రాయండి. చెనక్కాయ తొక్కలు మాత్రం అక్కడ పారెయ్యకండి.

మీ తాత