పాత హారర్ కామిక్స్‌ను అమ్మే ముందు బాగు చేయించకండి: అపోహలు, వాస్తవాలు

ఆదివారం ఉదయం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల మధ్య తిరగడం నాకు ముప్పై ఏళ్ల అలవాటు. పాత హారర్ కామిక్స్ కొనడం, అమ్మడం, ఇతరుల దగ్గర ఉన్నవాటికి విలువ కట్టి చెప్పడం పదిహేనేళ్లుగా నా వృత్తి. నన్ను కలిసినవారిలో అందరికంటే ఎక్కువమందిని నష్టపరచింది ఒకే ఒక్క నమ్మకం: పాత పుస్తకాన్ని కాస్త బాగు చేయించి అమ్మితే ధర పెరుగుతుందని. గత నెలలో ఇదే మరోసారి ఎదురైంది కనుక ఈసారి వివరంగా రాస్తున్నాను.

మలక్‌పేట నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చారు. ఆమె తండ్రి అమెరికాలో చదువుకొని 1955లో తిరిగి వస్తూ ట్రంకుపెట్టెలో తెచ్చుకున్న కామిక్స్ అవి. తమ్ముడి ఆపరేషన్‌కు డబ్బు అవసరమై, వాటిని అమ్మాలనుకున్నారు. తీసి చూస్తే ఎర్ర క్యాలికో అట్టలతో రెండు సంపుటాలు ఉన్నాయి. "బాబూ, విడివిడిగా ఉంటే చిరిగిపోతున్నాయని బైండింగ్ చేయించాను, తప్పు చేశానా?" అని అడిగారు. లోపల 1951 నుంచి 1954 వరకు వెలువడిన 17 సంచికలు ఉన్నాయి. వాటిలో మూడు, హారర్ కామిక్స్‌కు పేరున్న ఈసీ అనే అమెరికన్ కంపెనీ ప్రచురించిన 'టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్' సంచికలు. బైండరు పిన్నులు పీకేసి, వెన్ను పొడవునా సూదితో గుచ్చి కుట్టి, మైదా పేస్టు పూసి, చివరికి కటింగ్ మిషన్‌లో పెట్టి మూడు వైపులా సాపు చేశాడు. ముఖచిత్రం మీద 10 సెంట్లు అని ధర ఉండవలసిన చోట అంకెల పై సగం లేదు. వాటి మీద వేలు పెట్టి చూపించేటప్పుడు నాకు గొంతు పెగల్లేదు.

తప్పు ఆమెది కాదు. మన ఇళ్లలో వారపత్రికల సీరియళ్లను బైండు చేయించి దాచుకోవడం గౌరవమైన అలవాటు, చదువుకోవడానికి అది మంచి పద్ధతి కూడా. సేకరణకర్త మాత్రం ప్రెస్సు నుంచి బయటికి వచ్చినప్పుడు ఆ ప్రతి ఎలా ఉందో దానికి ఎంత దగ్గరగా మిగిలిందన్నదానికే డబ్బు ఇస్తాడు. అంచు కోసిన ప్రతిని సీజీసీ వంటి గ్రేడింగ్ సంస్థలు (ప్రతి ఎంత బాగుందో పరీక్షించి మార్కు వేసేవి) మరమ్మతు చేసినవాటి కింద లెక్కించి, మామూలు నీలిరంగు లేబుల్‌కు బదులు ఊదారంగు లేబుల్ ఇస్తాయి. ఆ రంగు కనిపించగానే కొనేవారిలో చాలామంది వెనక్కి తగ్గుతారు. 1950ల తొలినాళ్ల కామిక్ ఎత్తు సుమారుగా 10.25 అంగుళాలు ఉంటుంది. స్కేలు పెట్టి కొలిచినా, పాతబడి గోధుమరంగుకు తిరిగిన పుటల అంచు ఒక్కటే తెల్లగా మెరుస్తున్నా, కోత ఇట్టే దొరికిపోతుంది. పోయిన అంచును తిరిగి తెచ్చే దారి లేదు.

సెల్లోటేపు, లామినేషన్, ఇస్త్రీపెట్టె కూడా ఇదే కోవలోకి వస్తాయి. 1999లో నేను ఒక పాత హారర్ పత్రిక చిరిగిన అట్టకు లోపలి వైపు నుంచి టేపు వేసి ఎంతో మంచి పని చేశాననుకున్నాను. కొన్నేళ్లకు టేపు ఊడిపోయింది కానీ జిగురు కాగితంలోకి ఇంకి, ముఖచిత్రంలోని ఆకాశం మీద తేనెరంగు చార తేలింది. ఆ ప్రతిని ఇప్పటికీ దగ్గర పెట్టుకొని, అడిగినవారికి చూపిస్తుంటాను. నిపుణులు అదుపులో ఉంచిన వేడితో, తేమతో ముడతలు పోగొట్టే ప్రెస్సింగ్‌ను సీజీసీ మరమ్మతుగా పరిగణించదు. ఇంట్లో ఇస్త్రీ చేస్తే మాత్రం రంగు అంటుకుపోతుంది, కాగితం పెళుసెక్కుతుంది.

ట్రంకుపెట్టె అడుగున ఇంకా ఏమైనా మిగిలాయేమో చూడమని ఆ టీచరమ్మను అడిగాను. మూడు రోజుల తరువాత ఆమె ఒక్క సంచికను పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి తెచ్చారు. బాగా పాడైందని బైండరు దాన్ని పక్కన పడేశాడట. వెన్ను కింది వైపు రెండంగుళాలు చీలింది, పిన్నులు తుప్పు పట్టి చుట్టూ ఎర్రటి మరక పెట్టాయి, కానీ అంచులు పూర్తిగా ఉన్నాయి. ఆ చిరిగిన ఒక్క ప్రతికి, ఎర్ర అట్టల్లో ఉన్న ఏ సంచికకూ పలకనంత ధర పలికింది.

మిగతా అపోహలను క్లుప్తంగా చెబుతాను. అట్ట మీద కామిక్స్ కోడ్ (కథల్లో, బొమ్మల్లో ఏమి ఉండకూడదో చెప్పే నియమావళి) ముద్ర లేదు కనుక నకిలీ అన్న మాట నిజం కాదు: ఆ కోడ్ వచ్చిందే 1954 చివరలో, అంతకుముందు వచ్చిన ప్రీ-కోడ్ హారర్‌కే గిరాకీ ఎక్కువ. అమెరికా ప్రభుత్వం హారర్ కామిక్స్‌ను నిషేధించిందనేది కూడా పుకారే. 1954 ఏప్రిల్‌లో సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది, ఆ తరువాత ప్రచురణకర్తలే తమకు తాము కోడ్ పెట్టుకున్నారు. బ్రిటన్ మాత్రం 1955లో చట్టం చేసింది. అట్ట మీద బార్‌కోడ్ ఉన్న ప్రతిని 1950ల నాటిదని ఎవరు చెప్పినా నమ్మకండి, అది పునర్ముద్రణ. ఈసీ కథలు 1970లలోనూ 1990లలోనూ మళ్లీ అచ్చయ్యాయి కనుక, లోపల సన్నటి అక్షరాలలో ఉండే ప్రచురణ వివరాలు చదవకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు.

పెట్టుబడి గురించి అడిగేవారికి ఒక్క మాట. రక్తపిశాచాలను వేటాడే బ్లేడ్ పాత్ర మొదటిసారి కనిపించిన 1973 నాటి 'టూంబ్ ఆఫ్ డ్రాక్యులా' 10వ సంచిక వంటివి, సినిమా వస్తోందన్న కబురు పుట్టగానే పైకి ఎగబాకి, ఆ సందడి తగ్గాక దిగివస్తాయి. కరోనా కాలంలో ఎగసిన ధరలు ఆ తరువాత ఎలా పడ్డాయో, అప్పట్లో అప్పు చేసి కొన్న ఇద్దరు కుర్రాళ్ల ముఖాల్లో చూశాను. అమ్మేవాళ్లు అడుగుతున్న ధరను కాకుండా, నిజంగా అమ్ముడైన ధరను చూసుకోవాలి. పిల్లల ఫీజుకో ఇంటి వాయిదాకో దాచిన డబ్బును ఇందులో పెట్టమని నేను ఎవరికీ చెప్పను, చెప్పలేదు.

ఈసీ యజమాని విలియం గెయిన్స్ తాను అచ్చు వేసిన సంచికలలో కొన్నేసి ప్రతులను చదవకుండా దాచిపెట్టారు. దశాబ్దాల తరువాత బయటికి తీసినప్పుడు వాటిలో చాలా ప్రతులు కొత్తవాటిలా ఉన్నాయి, ఈనాటికీ సేకరణకర్తలు వాటికోసం పోటీ పడతారు. ఈ కామిక్స్ అచ్చయిన చవక న్యూస్‌ప్రింటు కాగితంలో ఆమ్లం పుట్టించే లిగ్నిన్ ఉంటుంది, వేడి, తేమ, వెలుతురు తగిలితే అది త్వరగా పని చేస్తుంది. మన ఊళ్లో వేసవిలో కాగే అటకలు, వానాకాలంలో చెమ్మ దిగే గోడలు రెండూ ఆ కాగితానికి శత్రువులే. ఆమ్లం లేని అట్టముక్క పెట్టి, పాలియెస్టర్ కవరులో వేసి, బయటి గోడకు ఆనని బీరువాలో నేలకు జానెడు ఎత్తులో నిలబెట్టండి. కలరా ఉండలు వేయవద్దు, ఆ వాసన కాగితాన్ని వదలదు. తుప్పు పట్టిన పిన్నులను మీరు తీయకండి. ఇప్పటికే బైండు చేయించినవారు కుట్టు విప్పించే ప్రయత్నం చేయకుండా, సంపుటాన్ని ఉన్నది ఉన్నట్లుగానే తెచ్చి చూపించండి.