గుండె వాల్వ్‌లో క్రిమి, పెద్దపేగులో గడ్డ

హైదరాబాద్‌లో జ్వరం పది రోజులు దాటినా వదలకపోతే ముందు వినిపించే మాట టైఫాయిడ్. వైడాల్ టెస్ట్ చేయిస్తారు, వీధి చివరి క్లినిక్‌లో యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలవుతాయి. నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. ఆయాసం కూడా తోడయ్యాక పెద్దాసుపత్రికి వెళ్తారు. అక్కడ ఎకో (గుండె స్కాన్) తీస్తే గుండె వాల్వ్ మీద చిన్న ముద్ద కనబడుతుంది. క్రిములు వాల్వ్‌ను పట్టుకుని గూడు కట్టుకున్న ఆ జబ్బు పేరు ఎండోకార్డైటిస్.

ఇంటిల్లిపాదీ గుండె గురించి టెన్షన్ పడుతుండగా, రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి గుర్తించే కల్చర్ పరీక్ష రిపోర్టు చూసిన డాక్టర్ ‘కొలనోస్కోపీ కూడా చేయించండి’ అంటారు. గుండె జబ్బుకు పేగులో కెమెరా ఎందుకు అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి డాక్టర్లకే కొన్ని దశాబ్దాలు పట్టింది.

1951లో అమెరికాలోని అలబామా వైద్య పత్రికలో మెకాయ్, మేసన్ అనే ఇద్దరు ఒకే ఒక రోగి గురించి రాశారు. ఆ మనిషికి వాల్వ్ ఇన్ఫెక్షన్‌తో పాటు పెద్దపేగు చివరి భాగంలో క్యాన్సర్ ఉంది. రెండింటికీ సంబంధం ఉందేమోనన్నది వాళ్ల అనుమానం. వాళ్లు క్రిమిని ఎంటెరోకోకస్ అని రాశారు. అప్పట్లో ఎంటెరోకోకస్‌నూ, స్ట్రెప్టోకోకస్ బోవిస్ అనే మరో పేగు క్రిమినీ గ్రూప్ డి అనే ఒకే గాటన కట్టేవారు. వాటిని విడదీయడం మొదట్లో మందుల కోసమే ముఖ్యమైంది. బోవిస్ మామూలుగా పెన్సిలిన్‌కే లొంగుతుంది, ఎంటెరోకోకస్‌కు రెండు మందులు కలిపి ఇవ్వాలి. అలా విడదీసి చూశాకే పేగు క్యాన్సర్‌తో బోవిస్‌కున్న బంధం స్పష్టమైంది.

1977లో క్లైన్ బృందం చేసిన పని చాలా సాదాసీదాది. మలం తీసుకుని ఈ క్రిమి కోసం వెతికారు. పెద్దపేగు క్యాన్సర్ ఉన్న 63 మందిలో 35 మంది దగ్గర దొరికింది. పోల్చి చూడటానికి తీసుకున్న 105 మందిలో 11 మంది దగ్గరే దొరికింది. ఈ ఫలితం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. బోవిస్ దొరికితే పేగు చూడాలన్న అలవాటు బలపడింది అక్కడి నుంచే.

అయితే అన్ని బోవిస్‌లూ ఒకటి కావు. 1989లో రువాఫ్ బృందం రక్తంలో దొరికిన ఈ క్రిములను రెండు రకాలుగా విడదీసి చూసింది. మొదటి రకం దొరికినవాళ్లలో 94 శాతం మందికి ఎండోకార్డైటిస్, 71 శాతం మందికి పేగులో గడ్డలు ఉన్నాయి. రెండో రకంలో అవి 18, 17 శాతమే.

ఆ మొదటి రకానికి ఇప్పుడున్న పేరు రావడం వెనక కోలా అనే జంతువు ఉంది. ఆస్ట్రేలియాలో యూకలిప్టస్ ఆకులు తిని బతికే కోలాల పెంటలో, ఆకుల్లోని టానిన్‌ను విడగొట్టే క్రిమిని పరిశోధకులు గుర్తించారు. మన కరక్కాయకు వగరు తెచ్చేది కూడా టానిన్లే. 1995లో ఆ క్రిమికి స్ట్రెప్టోకోకస్ గాలోలిటికస్ అని పేరు పెట్టారు. వాల్వ్‌ల మీద దొరుకుతున్న మొదటి రకం బోవిస్ కూడా ఆ జాతిదేనని తర్వాత తేలి, 2003లో వర్గీకరణ మారింది. ఇప్పటికీ కొన్ని రిపోర్టుల్లో పాత పేరు, కొన్నింట్లో కొత్త పేరు ఉంటాయి. ఈ తికమకలో హెచ్చరిక ఎవరికీ కనబడకుండా పోతుందేమోనన్నదే నా భయం.

ఇంతకీ క్రిమి వల్ల క్యాన్సరా, క్యాన్సర్ వల్ల క్రిమా? 2017లో ఒక బృందం ఈ క్రిమి పెద్దపేగు క్యాన్సర్ కణాల పెరుగుదలను ఎగదోస్తుందని కణాల్లోనూ, ఎలుకల్లోనూ చూపింది. 2018లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఎలుకల్లోనే మరోవైపు చూశారు. గడ్డ ఉన్న పేగులో పైత్య రసపు ఆమ్లాలు పెరుగుతాయి. వాటి సాయంతో ఈ క్రిమి వదిలే విషం తోటి క్రిములను చంపి, దానికి చోటు చేసిపెడుతుంది. రెండూ నిజం కావచ్చు. మంచం మీదున్న రోగికి మాత్రం ఈ వాదన తేలేదాకా ఆగాల్సిన పని లేదు. గడ్డ వల్ల దెబ్బతిన్న పేగు గోడ గుండా క్రిమి రక్తంలోకి వెళ్లి, అంతకుముందే పాడైన వాల్వ్‌నో, కృత్రిమ వాల్వ్‌నో పట్టుకోగలదు.

మన దగ్గర చిక్కు ఇంకా ముందే మొదలవుతుంది. బ్లడ్ కల్చర్‌కు రక్తం తీయకముందే యాంటీబయాటిక్ పడితే క్రిమి ల్యాబ్‌లో పెరగదు. వాల్వ్‌కు వైద్యం అందవచ్చు గానీ, పేగు సంగతి చెప్పాల్సిన పేరు రిపోర్టులో రాదు. పైగా మలంలో రక్తం కనబడితే మొలలే అనుకుని ఏళ్లు గడిపేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. గుండెకు ఒక ఆసుపత్రి, క్యాన్సర్ అంటే రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే అని తిరిగే ఊళ్లో, ఒకచోటి కాగితం ఇంకోచోటికి చేర్చాల్సింది చాలాసార్లు రోగి వెంట వచ్చిన మనిషే.

అందుకే కల్చర్ రిపోర్టులో బోవిస్ అని గానీ గాలోలిటికస్ అని గానీ ఉంటే, డిశ్చార్జ్ కాకముందే కొలనోస్కోపీ ఎప్పుడని అడగండి. క్యాన్సర్‌గా మారని పాలిప్ (పేగు లోపలి చిన్న బుడిపె) దొరికితే చాలావరకు ఆ పరీక్షలోనే తీసేస్తారు. మొదటిసారి ఏమీ కనబడకపోయినా, కొన్నేళ్ల తర్వాత గడ్డ బయటపడ్డ రోగులున్నారు. మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో కూడా అప్పుడే రాయించుకుని, ఆ కాగితాన్ని ఎకో రిపోర్టు ఉన్న ఫైల్లోనే పెట్టండి.