టెడ్ గట్టు మీదే ఎందుకు ఉండిపోయింది?

జనవరి వచ్చిందంటే తూర్పు తీరంలో ఒకటే కథ. తెల్లారేసరికి ఇసుక మీద కళ్లు ఉబికి, మెడ వాచి పడి ఉన్న ఆలివ్ రిడ్లే తాబేళ్లు. మధ్యాహ్నానికి ఫోన్లలో ఫొటోలు. సాయంత్రానికి ప్రకటన: మరబోట్లు వలలకు టెడ్ (తాబేలు తప్పించుకునేలా చేసే చట్రం, ఇంగ్లీషులో టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్) బిగించుకోవాల్సిందే. మర్నాడు బోటు యజమానుల జవాబు: మావల్లే చచ్చాయని రుజువేంటి? ఈసారి కూడా వ్యవహారం అక్కడికే వచ్చి ఆగింది.

తాబేళ్లు ఎంత దూరం నుంచి వస్తాయి, 1972 వన్యప్రాణి చట్టం వాటికి ఎంత రక్షణ ఇచ్చింది, ఇవి ఏటా రాసేవే, ఏటా చదివేవే. వాటిని వదిలేద్దాం. ఏళ్ల తరబడి నిబంధనల్లో ఉన్న ఒక చిన్న చట్రం వలలోకి ఎందుకు ఎక్కలేదన్నదే తేలాల్సిన విషయం. నన్నడిగితే దాని మూలం మన తీరంలో లేదు. 1996 మే 1 నుంచి అమెరికా మన రొయ్యల మీద పెట్టిన షరతులో ఉంది.

ముందు టెడ్ గురించి రెండు ముక్కలు. మరబోట్లు సముద్రం అడుగున ఈడ్చే ట్రాల్ వలను ఒకసారి దించితే రెండు మూడు గంటలు లాగుతారు. తాబేలుకు ఉన్నవి ఊపిరితిత్తులు, మధ్యమధ్యలో పైకొచ్చి గాలి పీల్చుకోవాలి. వలలో చిక్కి పెనుగులాడే తాబేలు అంతసేపు ఊపిరి బిగబట్టలేదు. అందుకే వల సంచికి ముందు ఒక ఊచల చట్రాన్ని ఏటవాలుగా బిగిస్తారు. రొయ్యలు ఊచల సందుల్లోంచి సంచిలోకి వెళ్లిపోతాయి. తాబేలు చట్రానికి తగిలి, పైనో కిందో ఉన్న కంతలోంచి బైటపడుతుంది. అంతకుమించి ఏమీ లేదు.

దీన్ని కనిపెట్టింది ఏ శాస్త్రవేత్తో కాదు. అమెరికాలో జార్జియా రాష్ట్రానికి చెందిన సింకీ బూన్ అనే రొయ్యల వేటగాడు. వలలో జెల్లీఫిష్ నిండిపోయి వేట పాడవుతోందని, వాటిని బైటికి తోసెయ్యడానికి 1960ల్లో ఈ చట్రం కట్టుకున్నాడు. తాబేళ్లకు పనికొస్తుందని తర్వాత తేలింది. అంటే పుట్టుకతో ఇది వేటగాడి పనిముట్టు, తన వేట బాగుండాలని తన చేత్తో చేసుకున్నది. మన హార్బర్లకు వచ్చేటప్పటికి మాత్రం ఇది ఇన్‌స్పెక్టర్ పనిముట్టయింది.

అదెలా అయిందంటే, తాబేళ్లను చంపే పద్ధతిలో పట్టిన రొయ్యలను కొనబోమని అమెరికా 1989లో చట్టం చేసింది. మొదట్లో దాన్ని తన పొరుగున ఉన్న కరీబియన్, పశ్చిమ అట్లాంటిక్ దేశాలకే వర్తింపజేసింది. పర్యావరణ సంఘాలు కోర్టుకెక్కడంతో, 1995 చివర్లో వచ్చిన తీర్పు మేరకు ప్రపంచమంతటికీ వర్తింపజేయాల్సి వచ్చింది. గడువు 1996 మే 1. కరీబియన్ దేశాలకు అలవాటు పడటానికి మూడేళ్లు ఇచ్చిన అమెరికా, ఆసియా దేశాలకు నాలుగు నెలలు ఇచ్చింది.

భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. 1998 అక్టోబరులో అప్పీలు తీర్పు వచ్చింది. తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశం తప్పు కాదుగానీ, ఒక్కో దేశానికి ఒక్కో గడువు పెట్టి అమలు చేసిన తీరు వివక్షేనని తేల్చారు. ఢిల్లీలో దాన్ని సగం గెలుపుగా లెక్కేసుకున్నారు. ఆ తర్వాత అమెరికా తన పద్ధతులు కొంత సవరించుకుంది, షరతు మాత్రం అలాగే ఉంది.

హార్బరులో దీని అర్థం వేరేగా దిగింది. బోటు నడిపే సరంగు చెవిన పడిన మొదటి మాట తాబేలు గురించి కాదు, ఎగుమతి గురించి. టెడ్ లేకపోతే అమెరికా రొయ్య కొనదట, అందుకని పెట్టుకోవాలట. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు సొంత నమూనా చేసింది. దాని లెక్క ప్రకారం రొయ్యల్లో నష్టం 1 శాతం లోపు, మిగతా చేపల్లో 3 శాతం దరిదాపుల్లో. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడా బోట్లకు టెడ్‌లు పంచింది కూడా. తీసుకున్నవాళ్లు తీసుకుని, తనిఖీ ఉందంటే బిగించి, లేదంటే విప్పి పక్కన పడేశారు. ఇచ్చేది ఎగుమతుల సంస్థ, అడిగేది అమెరికా అయినప్పుడు తాబేలు ఎవరికి గుర్తుంటుంది?

బోటు యజమానుల వాదనా ఉంది. చట్రానికి చెత్త అడ్డం పడితే పెద్ద చేప, మంచి రేటు పలికే చేప కూడా బైటికి పోతుందని, డీజిల్ ఖర్చుకు ఆ నష్టం తోడైతే వేట గిట్టదని వాళ్లంటారు. కొంత నిజమే.

ఈ మొత్తం కథలో మరో మలుపు ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. 2009లో వనామీ రొయ్య మన చెరువుల్లోకి వచ్చింది. కొద్ది ఏళ్లలోనే ఆంధ్ర తీరమంతా చెరువులైపోయింది. అమెరికాకు వెళ్లే రొయ్యల్లో ఎక్కువ భాగం చెరువుదే అయింది. చెరువు రొయ్యకు టెడ్ షరతు లేదు, చెరువులోకి తాబేలు రాదు కదా. దాంతో 1996లో దేన్ని చూపించి భయపెట్టారో ఆ భయం కాస్తా పోయింది. 2019 నుంచి మన సముద్రపు రొయ్యను అమెరికా మళ్లీ ఆపేస్తే హార్బర్లలో గగ్గోలు పుట్టిందిగానీ, ఎగుమతి లెక్కల్లో పెద్ద కుదుపేమీ రాలేదు. ఎగుమతి కోసం తెచ్చిన రూలుకు ఎగుమతే అండ లేకుండా పోయింది. ఇప్పుడు ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద టెడ్‌కు సాయం ఇస్తున్నామంటున్నారు. డబ్బే అడ్డంకి అయ్యుంటే ఎంపెడా పంచిన రోజే ఈ పని అయిపోయేది.

ఇక నాటు పడవల వాళ్ల మాట. ఏ సమావేశంలోనైనా వీళ్ల వంతు చివర్లో వస్తుంది, అప్పటికి అధికారులు లేచి వెళ్లిపోతుంటారు. కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా చెప్పుకుందాం.

ఆంధ్రప్రదేశ్ 1994లో సముద్ర వేట నియంత్రణ చట్టం తెచ్చింది. దాని కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకూ సంప్రదాయ వేటకే వదిలారు, మరబోట్లు ఆ గీత దాటి లోపలికి రాకూడదు. తాబేళ్లు జతకట్టడానికి, గుడ్లు పెట్టే సమయం కోసం ఎదురుచూడటానికి చేరేది ఆ తీరపు నీళ్లలోనే. నాటు పడవల వాళ్లు అడిగేది ఒక్కటే: ఆ 8 కిలోమీటర్ల గీతను నిజంగా కాపలా కాయండి, తాబేలూ బతుకుతుంది, మా వలలూ తెగవు. మరబోటు ఒడ్డుకు దగ్గరగా లాగిన రాత్రి తాబేలుతోపాటు చిరిగేది వీళ్ల వలే. తాబేలు చావు ఫొటోల్లోకి ఎక్కుతుంది, తెగిన వల ఎక్కదు. తాబేలంటే కూర్మావతారమని, వలలో పడితే దణ్ణం పెట్టి వదిలే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వీళ్ల చేతుల్లో అసలు చావవని కాదు, పెద్ద కన్నున్న వలల్లో చిక్కి చచ్చేవి ఉన్నాయి. కానీ ఆ వల మీదా, సముద్రం అడుగు గీరుకుంటూ పోయే ట్రాల్ మీదా ఒకే వాక్యంలో నింద వెయ్యడం న్యాయం కాదు.

వేట నిషేధం సంగతీ ఇంతే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజులు మరబోట్లు ఆగుతాయి. అది చేపల సంతానోత్పత్తి కోసం పెట్టిన గడువు. తాబేళ్లు గుడ్లు పెట్టే ముఖ్యమైన రోజులు జనవరి నుంచి మార్చి వరకు. అంటే బోట్లు ఆగే నాటికి తల్లి తాబేళ్లలో ఎక్కువ శాతం పని ముగించుకుని వెళ్లిపోయి ఉంటాయి, లేదా చచ్చి ఉంటాయి. ఒడిశా మాత్రం ధామ్రా, దేవి, రుషికుల్య నదుల ముఖద్వారాల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 వరకూ వేరే నిషేధం పెట్టింది. దాని భారం చిన్న పడవల మీద కూడా పడి, ఏడు నెలలు పొయ్యి ఎలా వెలగాలన్న గొడవ అక్కడ ఇంకా తెగలేదు.

రుషికుల్య అన్నాం కాబట్టి అక్కడి పల్లెల గురించీ చెప్పాలి. అక్కడ లక్షల తాబేళ్లు గుడ్లు పెడతాయని శాస్త్ర ప్రపంచానికి తెలిసింది 1994లో, పరిశోధకుడు విభాస్ పాండవ్ ద్వారా. ఊరివాళ్లకు ముందే తెలుసు, ఎవరూ అడగలేదంతే. పురుణాబంధ, పోడంపేట, గోఖర్‌కుదా కుర్రాళ్లు ఆయన వెంట రాత్రుళ్లు ఇసుకలో తిరిగారు. తర్వాత సొంతంగా కమిటీ కట్టుకుని గుడ్లకు కుక్కలు, నక్కల నుంచి కాపలా కాశారు. వీధి దీపాల వెలుగుకు దారితప్పిన పిల్లలను ఏరి సముద్రంలో వదిలారు. రుషికుల్య ఉన్న గంజాం జిల్లా తీరపు మత్స్యకార కుటుంబాల్లో చాలామంది తెలుగువాళ్లేనన్నది మన పేపర్లకు ఎందుకో గుర్తురాదు. అక్కడ ఎవరూ అమెరికా పేరు చెప్పలేదు, ఎగుమతి పేరు చెప్పలేదు. ఆ ఊళ్లవాళ్లకు తాబేలు తమ ఇసుకలోకి వచ్చిన చుట్టంగానే పరిచయమైంది.

2025 ఫిబ్రవరిలో అదే రుషికుల్యలో దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. అంతకు నెల ముందే చెన్నై తీరానికి వందల కళేబరాలు కొట్టుకొచ్చాయి, జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు చేపట్టింది. ఇప్పుడు బోటు యజమానుల నోట ఆ 7 లక్షల అంకె తరచూ వినిపిస్తోంది. ఇన్ని వస్తుంటే ఇంకేం ముప్పు అంటారు. తాబేలు ఈడుకు రావడానికి పది పదిహేనేళ్లు పడుతుంది. ఇవాళ కనిపిస్తున్న 7 లక్షలు ఎప్పుడో కాపలా కాసిన రాత్రుల ఫలితం. ఇవాళ చస్తున్న తల్లుల లెక్క 2035 తర్వాత గానీ బైటపడదు.

మన దగ్గర సంరక్షణ అంటే ఎక్కువగా కృత్రిమ పొదుగుదల కేంద్రాలే. అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు మత్స్యకార యువకులను తీసుకుని రాత్రుళ్లు గుడ్లు ఏరిస్తాయి. కంచె లోపల మళ్లీ ఇసుకలో పాతి, 45 నుంచి 60 రోజులకు బైటికొచ్చిన పిల్లలను సముద్రంలో వదులుతాయి. మంచి పనే, కుర్రాళ్లకు ఆ నాలుగు నెలలు కాస్త కూలీ కూడా. కానీ పిల్లలను వదిలే రోజు వచ్చే నాయకులు, సెల్ఫీలు చూస్తే సమస్య తీరిపోయిందనిపిస్తుంది. వెయ్యి పిల్లల్లో ఒక్కటి పెద్దదైతే గొప్ప అంటారు. ట్రాల్ వలలో ఒక తల్లి చస్తే, ఎన్ని బుట్టల పిల్లలను వదిలితే ఆ లోటు తీరుతుందో లెక్క వేసుకోవచ్చు. ఆ పొదుగుదల కేంద్రాల్లో పనిచేసే కుర్రాళ్లే ఈ మాట ముందుగా అంటారు.

ఇప్పుడు నడుస్తున్న గొడవలో టెడ్ బిగించాలా వద్దా అన్నది పైకి కనిపించేది. లోపల ఉన్నది వేరు. చచ్చిన తాబేలు అటవీశాఖది, బోటు మత్స్యశాఖది. అటవీశాఖ ఒడ్డున పంచనామా రాసి, గొయ్యి తీసి పూడ్చేస్తుంది. మత్స్యశాఖ హార్బరులో, బోటు కట్టేసి ఉన్నప్పుడు, టెడ్ ఉందో లేదో చూస్తుంది. ఆ 8 కిలోమీటర్ల లోపల రాత్రిపూట ఎవరి బోటు లాగుతోందో తెలిసేది నాటు పడవ మీద ఉన్నవాడికే, అతన్ని సాక్షిగా ఎవరూ పిలవరు.