ఆ పాప ఎక్కడికి పోయింది?

హనుమకొండ,
శ్రావణ మాసం.

చిరంజీవులైన పిల్లలకు మీ తాత ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

పోయిన శనివారం రాత్రి మనమందరం అన్నాలు తింటూ మీ నానమ్మ చూసే సీరియల్ చూశాము కదా. గుడి మెట్ల మీద ఎనిమిదేళ్ల పాప పరుగెత్తుతూ ఉంది, కెమెరా ఆమె పట్టీల మీదికి దిగింది, పట్టీలు ఘల్లుఘల్లుమంటూ నాలుగు మెట్లు ఎక్కాయి, మళ్లీ కెమెరా పైకి లేచేసరికి అక్కడ ఇరవై ఏళ్ల అమ్మాయి చీర కట్టుకొని నవ్వుతూ నిలబడింది. అప్పుడు బుజ్జి, "తాతా, ఆ పాప ఎక్కడికి పోయింది?" అని అడిగింది. "పెద్దదయిందే" అని నానమ్మ చెప్పింది. "పెద్దయినామె వేరే అక్క. పాప ఏది?" అని బుజ్జి మళ్లీ అడిగింది. నేను అన్నం ముద్ద చేతిలో పట్టుకొని చాలాసేపు ఆలోచించాను, కానీ జవాబు చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి అలా నోరు మూసుకోవడం నాకే నచ్చలేదు. అందుకే ఈ ఉత్తరం.

పాప ఇంటికి పోయింది. ఆ ముక్కతో ఉత్తరం ముగించవచ్చు, కానీ బుజ్జి ఊరుకోదు. సీరియల్ వారానికి ఆరు రోజులు వస్తుంది, ఏళ్లకేళ్లు సాగుతుంది. ఆ కథకు ఎప్పుడో ఒకప్పుడు పెళ్లి కావాలి, అత్తగారు కావాలి, ఆస్తి తగాదా కావాలి. కథ ఒక్క రాత్రిలో పన్నెండేళ్లు దూకగలదు. పాప మాత్రం రోజుకు ఒక్కరోజే పెరుగుతుంది, ఎంత పెద్ద దర్శకుడు చెప్పినా అంతకంటే వేగంగా పెరగదు. కాబట్టి కథ ముందుకు పోతుంది, పాప వెనుక ఉండిపోతుంది, మధ్యలో పట్టీలు మాత్రం ఒకరి కాళ్ల నుంచి మరొకరి కాళ్లకు మారుతాయి.

దీనిని వరినారుతో పోల్చి చెబుతాను. మన ఊరి పొలంలో ముందుగా ఒక మూలన చిన్న మడి కట్టి తుకం, అంటే నారు కోసం విత్తనాలు, పోస్తారు. మండెకట్టి మొలకెత్తిన విత్తనాలు అందులో ఒత్తుగా, పచ్చని తివాచీ పరిచినట్టు లేచి వస్తాయి. చూడడానికి పొలమంతటిలోకి అదే అందంగా ఉంటుంది, దారిన పోయే ప్రతివాడూ దానినే చూస్తాడు. బాలనటుల సంగతీ అంతే. ముద్దుమాట, పాలబుగ్గ, పళ్లూడిన నవ్వు ఉన్నంత కాలం తెర మీద వారిని మించినవారు లేరు. కానీ నారు ఆ మడిలోనే పండదు. ఇరవై అయిదు, ముప్పై రోజులకు దానిని పీకాలి, వేళ్లకు అంటిన బురద కడిగి కట్టలు కట్టాలి, నీరు పెట్టి దున్ని కరిగెట చేసిన పెద్ద పొలంలో దూరదూరంగా నాటాలి. నాటిన నాలుగైదు రోజులు అది పసుపుబారి, తలలు వాల్చి, చచ్చిందేమో అన్నట్టు ఉంటుంది. ఆ రోజుల్లో దానిని చూసి మెచ్చుకునేవాడు ఉండడు. సరే అని నాటకుండా మడిలోనే ఉంచితే ముదిరిపోతుంది, ముదురు నారు తరువాత నాటినా పిలకలు సరిగా వేయదు. చిన్ననాటి ముద్దుతోనే పెద్దయ్యాక కూడా నెట్టుకొద్దామనుకున్న నటులకు జరిగేది ఇదే.

నా చిన్నతనంలో నేను ఈ నాటును కళ్లారా చూశాను. పరకాల వైపు మా ఊరికి కోతలయిన తరువాత ఊరూరా తిరిగి ఆటలాడే చిందు భాగవతులు వచ్చేవారు. వారిది ఇంటిల్లిపాదీ ఆడే ఆట, నిజామాబాద్ జిల్లాలో చిందుల ఎల్లమ్మ గారు పసితనం నుంచే గజ్జె కట్టి పేరు తెచ్చుకున్నది ఆ కళలోనే. ఒక రాత్రి హరిశ్చంద్ర ఆడారు. లోహితాస్యుడి వేషం వేసిన పిల్లవాడికి నా వయసే ఉంటుంది. పాము కరిచి వాడు పడిపోతే, చంద్రమతి వాడి తలను ఒళ్లో పెట్టుకొని ఏడిస్తే, మా అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నేను బాపు భుజం మీద తల దాచుకున్నాను. తెల్లవారి లేచి చూస్తే చచ్చిపోయిన లోహితాస్యుడు మా అరుగు మీద కూర్చొని గటుక తింటున్నాడు! చెవుల వెనుక వేషానికి పూసిన అర్దళం రంగు పసుపుపచ్చగా ఇంకా అంటుకొనే ఉంది, కళ్లకు పెట్టిన కాటుక చెంపల మీదికి జారింది. నేను పలక పట్టుకొని బడికి బయలుదేరుతుంటే వాడు తినడం ఆపి నా పలక వైపు చూశాడు. నేను వాడి కిరీటం వైపు చూశాను. ఇద్దరిలో ఎవరు ఎవరిని చూసి ఎక్కువ కుళ్లుకున్నారో ఇప్పటికీ చెప్పలేను.

మరుసటి ఏడు వాడికి గొంతు పగిలింది. లోహితాస్యుడి వేషం వాడి తమ్ముడికి పోయింది, వాడు వెనుక నిలబడి తాళాలు వాయిస్తూ వంత పాడాడు, అది కూడా అప్పుడప్పుడు అపశ్రుతి పలికేది. వాడిని ఎవరూ పలకరించలేదు. ఇంకో రెండేళ్లకు వాడే నక్షత్రకుడై వచ్చి, అప్పు తీర్చమని హరిశ్చంద్రుడిని పీడిస్తూ ఊరందరినీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వించాడు. మధ్యలో ఆ రెండేళ్లూ వాడు ఏమి చేశాడో నాకు తెలియదు గాని, తాళాలు వాయిస్తూ ప్రతి రాత్రీ పెద్దవారి ఆట చూశాడన్నది మాత్రం నిశ్చయం.

సినిమాలోనూ ఇదే వరస. అసలు మన తెలుగు మాటల సినిమా మొదలయిందే ఒక పిల్లవాడి వేషంతో. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో సింధూరి కృష్ణారావు అనే బాలుడు ప్రహ్లాదుడయ్యాడు. అదే కథను 1967లో రంగుల్లో తీసినప్పుడు ప్రహ్లాదుడిగా వేసింది రోజారమణి అనే చిన్నపాప. హిరణ్యకశిపుడుగా ఎస్వీ రంగారావు గారి గద, ఆ గుడ్లురుముట చూసి మా ఊరి పెద్దమనుషులే కుర్చీలో వెనక్కి జరిగేవారు. ఎదురుగా ఆ పాప చేతులు కట్టుకొని శ్రీహరి పేరు పలికేది. ఆమె పెద్దయ్యాక కథానాయికగానూ వేసింది, ఆ తరువాత తెర వెనుకకు పోయి ఎందరో కథానాయికలకు తన గొంతు అరువిచ్చింది. అంటే ఆమె ముఖం కనబడని సినిమాల్లో కూడా ఆమె ఉంది. ఆమె కొడుకు తరుణ్ 'అంజలి'లో నటించి ఉత్తమ బాలనటుల జాతీయ పురస్కారం తోటి పిల్లలతో పాటు అందుకున్నాడు, 2000లో 'నువ్వే కావాలి'తో కథానాయకుడయ్యాడు. ఒకే ఇంట్లో రెండు తరాల నారు.

మీకు తెలిసినవాడు కావాలంటే తేజ సజ్జా ఉన్నాడు. 1998లో 'చూడాలని ఉంది'లో చిరంజీవి కొడుకుగా కనిపించిన పసివాడే, 2002లో 'ఇంద్ర'లో చిన్నప్పటి ఇంద్రసేనారెడ్డి. 2019లో 'ఓ బేబీ'లో మనవడి వేషంతో మళ్లీ కనబడ్డాడు, 2021లో 'జాంబీ రెడ్డి'తో కథానాయకుడయ్యాడు, 2024 సంక్రాంతికి మీరు ఈలలు వేసి చూసిన 'హనుమాన్' వాడిదే. ఇవన్నీ వరుసగా చదివితే ఒక్క గుక్కలో అయిపోయినట్టు ఉంటుంది. మీరు లెక్కల పుస్తకం తీసి, 'ఇంద్ర'కు, 'జాంబీ రెడ్డి'కి మధ్య ఎన్ని ఏళ్లో తీసివేత చేయండి. మేకప్ కుర్చీ నుంచి బడి బల్ల మీదికి దిగడం, నిన్న మొన్నటి దాకా ఎత్తుకొని ముద్దు చేసినవారు ఇవాళ గుర్తుపట్టకపోవడం, మీసం మొలుస్తున్న ముఖాన్ని జనం కొత్తగా ఒప్పుకోవడం, అన్నీ అలాంటి ఏళ్లలోనే జరుగుతాయి. కథానాయకుడయిన రోజు పత్రికలన్నీ రాస్తాయి, ఆ ఏళ్ల గురించి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెడతాయి.

ఇంతదాకా రాసి, ఇక్కడ కలం ఆపవలసి వచ్చింది. నా పక్కన కూర్చొని ఇది చదువుతున్న మీ నానమ్మ, "నారుకు మనసుంటుందా? పీకుతుంటే వద్దంటుందా? నీ పోలిక పొలం దాటి గట్టెక్కింది" అన్నది. నిజమే. పైగా సీరియల్‌లో జరిగింది నాటు కూడా కాదు, మన నారును పీకి పక్కన పెట్టి, ఆ కుదురులోనే వేరే మడి నుంచి తెచ్చిన మొక్కను గుచ్చారు. నేను ఇంత కష్టపడి కట్టిన పోలికను వదలడానికి ప్రాణం ఒప్పడం లేదు గాని, పిల్ల నారు కాదు. తుకం పోసినవాడికే పంట మీద హక్కు. పిల్ల సంపాదన మీద హక్కు ఎవరిది? ఈ ప్రశ్నకు వరి నుంచి జవాబు రాదు, వేరే కథ చెప్పాలి.

అమెరికాలో జాకీ కూగన్ అనే పిల్లవాడు ఉండేవాడు. 1921లో చార్లీ చాప్లిన్ తీసిన 'ది కిడ్'లో చిరిగిన లాగు, పెద్ద టోపీ పెట్టుకొని, రాళ్లు విసిరి అద్దాలు పగలగొట్టిన పిల్లవాడు వాడే. అవి మూగ చిత్రాల రోజులు, అయినా వాడి ఏడుపు వినబడుతుంది. బాలనటుడిగా వాడు లక్షల డాలర్లు సంపాదించాడు. ఇరవై ఒక్క ఏళ్లు నిండాక నా డబ్బు ఏది అని అడిగితే, తల్లీ, మారుతండ్రీ ఇవ్వము పొమ్మన్నారు, అప్పటికే చాలా ఖర్చయిపోయింది. 1938లో కోర్టుకు ఎక్కాడు, సంపాదించిన దానిలో కొద్ది భాగమే చేతికి వచ్చింది. ఆ గొడవ చూసిన కాలిఫోర్నియా ప్రభుత్వం 1939లో బాలనటుల సంపాదనలో కొంత వారి కోసం దాచి తీరాలని చట్టం చేసింది. ఆ చట్టాన్ని ఇప్పటికీ కూగన్ పేరుతోనే పిలుస్తారు. వాడు ఏమయ్యాడంటారా? 1964లో 'ది ఆడమ్స్ ఫ్యామిలీ' అనే టీవీ ధారావాహికలో బోడిగుండు మామయ్య ఫెస్టర్‌గా వచ్చి, నోట్లో బల్బు పెట్టుకొని వెలిగించి, 'ది కిడ్' నాటికి పుట్టని పిల్లలను నవ్వించాడు. మా నక్షత్రకుడు గుర్తుకు వస్తున్నాడు నాకు.

మన దేశంలోనూ 2016లో బాల కార్మికుల చట్టం సవరించి, 2017లో నియమాలు పెట్టారు. షూటింగ్‌కు పిల్లలను తీసుకోవాలంటే నిర్మాత జిల్లా మేజిస్ట్రేటు అనుమతి పొందాలి. రోజుకు అయిదు గంటలకు మించి పని చేయించరాదు, విరామం లేకుండా మూడు గంటలు దాటరాదు, వరుసగా 27 రోజులకు మించి పిలవరాదు, చదువు ఆగరాదు. పిల్ల సంపాదనలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో పిల్ల పేరు మీదే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి, మేజర్ అయ్యాక ఆ సొమ్ము పిల్లదే. ఈ నియమాలు నాకు సినిమా కబుర్లన్నిటి కంటే ఇష్టమైనవి. చదువుతుంటే అరుగు మీద గటుక తింటూ నా పలక వైపు చూసిన వాడు కళ్లలో మెదులుతాడు. వాడికి ఇలాంటి కాగితం ఏదీ లేదు. కనుక మీలో ఎవరూ, ముఖ్యంగా పెద్దోడు, "దానికేం, బడి లేదు, టీవీలో పడుతుంది" అని ఆ పాపను గురించి అనవద్దు. మీరు ఆడుకునే ఆట మీరు అలసిపోతే ఆగుతుంది. ఆమె ఏడ్చే ఏడుపు బాగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ ఏడవాలి, గ్లిజరిన్ వేస్తే కళ్లు మండుతాయి కూడా.

ఇక బుజ్జికి ఒక పని అప్పగిస్తున్నాను. పాత భాగాలు ఫోన్లో దొరుకుతాయని మీ నాన్న అన్నాడు. ఆ పాప తల్లితో మాట్లాడే సన్నివేశం ఒకటి పెట్టుకొని శబ్దం పూర్తిగా తీసేసి చూడు. పాప ముఖం ఒక్కటే తెరంతా నిండే చోట్ల ఆమె కళ్లు ఎక్కడ ఆనుతున్నాయో చూడు. అలాంటి ముక్కలు విడిగా తీస్తారు, తల్లి వేషం వేసిన ఆమె ఆ వేళకు ఇంటికి వెళ్లిపోయి ఉండవచ్చు కూడా, అప్పుడు కెమెరా పక్కన ఎవరో ఎత్తి పట్టిన పిడికిలినో, స్టాండుకు అంటించిన కాగితపు ముక్కనో చూస్తూ ఆ పాప "అమ్మా" అని ఉంటుంది. పిడికిలిలో ఆమెకు అమ్మ ఎలా కనబడిందో నాకు తెలియదు, ఈ వయసులోనూ అది నాకు అంతు చిక్కలేదు. నీవు రెండుమూడు సార్లు చూసి, ఆమె రెప్ప వాల్చిందా లేదా, కన్నీరు ఏ కంటి నుంచి ముందు జారిందో కాగితం మీద రాసి పంపు. ఆ తరువాత అద్దం ముందు నిలబడి నీవు కూడా గోడ మీది మేకును చూస్తూ ఒకసారి "అమ్మా" అను.

ఇట్లు,
మీ తాత