కడిగితే ఎక్కడికి పోతుంది? అణుధూళి శుద్ధి వెనుక కథ

అణుబాంబు పేలుడు తర్వాత రాలే రేడియోధార్మిక ధూళిని, అంటే అణుధూళిని, ఎలా వదిలించాలన్న ప్రశ్న అమెరికా నౌకాదళాన్ని మొదటిసారి గట్టిగా దెబ్బతీసింది 1946 జులై 25న, పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల దగ్గర. పరీక్ష కోసం ‘బేకర్’ అణుబాంబును నీటిలో 27 మీటర్ల లోతున పేల్చారు. ఎగసిన నీళ్లు చుట్టూ లంగరేసి ఉంచిన ఖాళీ ఓడల్లో చాలావాటిని తడిపేశాయి. నావికులు పైపులతో ఉప్పునీళ్లు కొట్టారు, సబ్బు, క్షారం, నురుగు వేసి రుద్దారు. రేడియేషన్ రీడింగు కొంత తగ్గి, అక్కడే ఆగింది. పాత పెయింటు, తుప్పు, చెక్క డెక్కుల సందులు ఆ రేడియోధార్మిక పదార్థాన్ని పట్టేసుకున్నాయి. పై పొర గీకితే తప్ప పోదు. గీకితే దుమ్ము లేస్తుంది. అందులోని ప్లుటోనియం వెదజల్లే ఆల్ఫా కణాలను రేడియేషన్ కొలిచే వాళ్ల గీగర్ కౌంటర్లు పసిగట్టలేవు. భద్రతాధికారి స్టాఫోర్డ్ వారెన్ పట్టుబట్టడంతో ఆగస్టు 10న పని ఆపేశారు.

ఆ ఓడల్లో కొన్నింటిని తెచ్చిన శాన్‌ఫ్రాన్సిస్కో హంటర్స్ పాయింట్ షిప్‌యార్డులోనే నౌకాదళ రేడియేషన్ రక్షణ ప్రయోగశాల వెలిసింది. అంటుకోకముందే డెక్కు మీద నీటిపొర పారిస్తే ధూళి నిలవదన్న పద్ధతిని 1954 కాజిల్ అణుపరీక్షల్లో ఓడల మీద పరీక్షించారు.

నేల మీది ప్రయోగాలు కాలిఫోర్నియాలోని క్యాంప్ పార్క్స్‌లో జరిగాయి. అసలు ధూళికి బదులు లాంథనమ్-140 అనే రేడియోధార్మిక పదార్థం పట్టించిన ఇసుక చల్లారు. దాని అర్ధాయువు (రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం) 40 గంటలే కాబట్టి స్థలం త్వరగా మళ్లీ పనికొస్తుంది. కడగడం కప్పు నుంచి మొదలై కిందికి రావాలి. నీళ్లు ఎటు పారతాయో ముందే చూసుకోకపోతే ప్రమాదం ఇంటి మీద నుంచి మురుగుకాల్వలోకి మారుతుంది, అంతే. గరుకు తారురోడ్డు సన్నని రేణువులను వదలదు.

1959 డిసెంబరులో అక్కడే 100 మందిని 14 రోజులు అణుధూళి నుంచి తలదాచుకునే షెల్టర్‌లో ఉంచి చూశారు. ఆ గడువుకు లెక్క ఉంది: పేలుడు నుంచి గడిచిన కాలం 7 రెట్లయ్యేసరికి రేడియేషన్ తీవ్రత సుమారు పదో వంతుకు పడిపోతుంది. మొదటి గంట చివర తీవ్రత గంటకు 1,000 రాంట్జెన్లు (రేడియేషన్ కొలత) ఉంటే 7 గంటలకు 100, 49 గంటలకు 10, రెండు వారాలకు దాదాపు 1. దాదాపు 6 సెంటీమీటర్ల కాంక్రీటు, లేదా 9 సెంటీమీటర్ల గట్టి మట్టి గామా కిరణాలను సగానికి తగ్గిస్తుంది. గోడ మందం పెంచడం కష్టమేమీ కాదు. కిక్కిరిసిన గదిలో మనుషుల ఒంటి వేడి, చెమట తేమ పేరుకుపోవడమే అసలు చిక్కు. గాలి ఆడే ఏర్పాటు లేని షెల్టర్‌ను షెల్టర్ అనకూడదు.

1977–80 మధ్య పసిఫిక్‌లో మరో అణుపరీక్షా స్థలమైన ఎనెవెటాక్ దీవుల్లో గీకిన కలుషిత మట్టిని రూనిట్ దీవిలో ఓ బాంబు గుంతలో పోసి, 45 సెంటీమీటర్ల కాంక్రీటు కప్పేశారు. గుంత అడుగున మాత్రం ఏ పొరా వేయలేదు. ఆటుపోట్లకు కింద భూగర్భజలం ఇప్పటికీ కదులుతూనే ఉంది.