“టెన్సులు అయిపోయాయా మేడం?”: కొన్ని అపోహలు, వాస్తవాలు

జూన్‌లో బడి తెరిచి రెండు నెలలు కాకముందే పిల్లల అమ్మానాన్నల్లో ఎవరో ఒకరు అడుగుతారు, “టెన్సులు అయిపోయాయా మేడం?” అని. ఎక్కాల్లాగా అయిపోయేవైతే ఎంత బాగుండు. నేను మూడు, నాలుగు, ఐదు తరగతులకి ఇంగ్లిష్ చెప్తాను. మా పిల్లలంతా ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బడి దాటితే వాళ్ల చెవిన ఇంగ్లిష్ పడేది టీవీ యాడ్స్‌లోనే. కింద రాసింది అలాంటి పిల్లల గురించే, ఇంట్లోనే ఇంగ్లిష్ వినే పిల్లల సంగతి వేరు.

అపోహ: పన్నెండు టెన్సులూ చార్ట్ వేసి ముందే చెప్పేస్తే పునాది గట్టిగా పడుతుంది.

ఆ చార్ట్ మా క్లాసు గోడ మీదా ఉండేది, రెండు ఆదివారాలు కూర్చుని స్కెచ్ పెన్నులతో నేనే గీశాను. ఇంగ్లిష్ వ్యాకరణం రాసే పండితులు చాలామంది క్రియ తన రూపం తాను మార్చుకునేది రెండు కాలాలకే అంటారు, ప్రెజెంట్, పాస్ట్. మిగతావన్నీ విల్, హ్యావ్, ఐఎన్‌జీ తగిలించుకుని తయారైనవే. ఎనిమిదేళ్ల పిల్లకి “ఐ హ్యాడ్ బీన్ ఈటింగ్” ఎందుకు చెప్పండి, పోయిన నెలలో మీరు ఎన్నిసార్లు వాడారు ఆ వాక్యం? నేను మధ్యాహ్న భోజనం బెల్లుతో పని కానిస్తాను. బెల్లు కొట్టకముందు “వుయ్ విల్ ఈట్”, తింటున్నప్పుడు “వుయ్ ఆర్ ఈటింగ్”, చేతులు కడుక్కుని వచ్చాక “వుయ్ ఏట్”, రోజూ జరిగేది కాబట్టి “వుయ్ ఈట్ ఎట్ వన్”. మూడో తరగతికి ఏడాదంతా ఈ నాలుగూ చాలు. మొదటిసారి “వుయ్ ఏట్” అనగానే ఒకడు లేచి, “ఎనిమిది మందిమి కాదు టీచర్, ఇరవై ఒక్కరం” అన్నాడు. వాడి లెక్క కరెక్టే.

అపోహ: ఇంగ్లిష్ క్లాసులో తెలుగు ఎత్తకూడదు.

దీని మీద నాకు కొంచెం కోపం ఉంది. నేను మొదట్లో పనిచేసిన ఒక ప్రైవేటు బడిలో తెలుగు మాట్లాడితే పిల్లల దగ్గర రూపాయి ఫైన్ వసూలు చేసేవాళ్లు, ఆ డబ్బా నా టేబుల్ మీదే ఉండేది. నోరు మూయించినంత మాత్రాన బుర్రలో తెలుగు ఆగదు, చాలా తప్పులు పుట్టేది కూడా అక్కడే. మనకి “వెళ్తాను” ఒక్కటే మాట, రోజూ వెళ్తాను, రేపు వెళ్తాను. ఇంగ్లిష్‌లో అది ఐ గో, ఐ విల్ గో అని రెండుగా చీలిపోతుంది. “తిన్నాను” కూడా అంతే, “భోంచేశావా” అన్నా “తిన్నాను” అంటాం, “నిన్న ఏం తిన్నావు” అన్నా “పులిహోర తిన్నాను” అంటాం, ఇంగ్లిష్‌లో మొదటిది ఐ హ్యావ్ ఈటెన్, రెండోది ఐ ఏట్, అందుకే పెద్దవాళ్లం కూడా “ఐ హ్యావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే” అనేస్తుంటాం. ఇక “ఆయన డాక్టర్” అన్న వాక్యంలో అసలు క్రియే లేదు. “హీ డాక్టర్” అన్న పిల్ల బద్ధకించి ఈజ్‌ని మింగెయ్యలేదు, తనకి తెలిసిన భాషలో ఆ చోటే లేదు. ఈ తేడా నేను తెలుగులోనే రెండు నిమిషాల్లో చెప్పేస్తాను. ఇప్పుడు ప్రభుత్వ బడుల్లో లెక్కలు, పరిసరాల విజ్ఞానం పుస్తకాలు ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లిష్‌లో వస్తున్నాయి కదా, టెన్సులకి కూడా అవి భలే పనికొస్తాయి.

దీనికి తలకిందులుగా ఇంకో తప్పుంది. మొదటి పాఠమే “ఐ యామ్ రవి, ఐ యామ్ లక్ష్మి” అని మొదలుపెడతాం కాబట్టి పిల్లలు “ఐయామ్” అంటే “నేను” అని ఒకే మాటగా పట్టుకుంటారు. ఇక ఆరు నెలలు “ఐయామ్ గో”, “ఐయామ్ ప్లే”, “ఐయామ్ లైక్ మ్యాంగో”. సూత్రం చెప్తే ఇది పోలేదు. చివరికి అట్టముక్కల మీద మాటలు రాసి నలుగురు పిల్లల చేతికిచ్చి వరసలో నిలబెట్టాను: ఐ, యామ్, ప్లే, కబడ్డీ. షరతు ఒక్కటే, యామ్ పక్కన నిలబడాలంటే ప్లేకి ఐఎన్‌జీ తోక ఉండాలి, తోక లేకపోతే యామ్ పట్టుకున్నవాడు పరిగెత్తుకుంటూ వెళ్లి బెంచీ మీద కూర్చోవాలి. మూడో రోజుకి నేను తోక తీసేయగానే క్లాసంతా “యామ్, పో!” అని అరుస్తోంది. యామ్ అట్ట కోసం కొట్టుకున్నారు కూడా.

అపోహ: గో, వెంట్, గాన్ బట్టీ వస్తే పాస్ట్ టెన్స్ వచ్చినట్టే.

నాలుగో తరగతిలో ఒకబ్బాయి యాభై క్రియలు ఊపిరి తీసుకోకుండా చెప్తాడు, “కట్ కట్ కట్” దగ్గరికి వచ్చేసరికి మిగతావాళ్లు కూడా గొంతు కలుపుతారు, వాళ్లకి అదొక పాట. వాణ్నే సోమవారం పొద్దున ఆదివారం ఎక్కడికెళ్లావని ఇంగ్లిష్‌లో అడిగితే “సండే ఐ గో అమ్మమ్మ హౌస్” అన్నాడు. ఇప్పుడు నేను సోమవారం మొదటి పది నిమిషాలు నిన్నటి కబుర్లే చెప్పిస్తాను, వెంట్, కేమ్, ఏట్, సా, ప్లేడ్, స్లెప్ట్, ఈ ఆరింటితోనే. ఆరు మాటలు కబుర్లలో పడితే ఏడోది పిల్లలే అడుగుతారు, “పడిపోయాను”కి ఏమనాలి టీచర్ అని.

“డిడ్ నాట్ వెంట్” గురించి కూడా ఒక మాట. తెలుగులో “వెళ్లాను లేదు” అనం, “వెళ్లలేదు” అంటాం. లేదు రాగానే వెళ్లాను కురచబడిపోయినట్టే డిడ్ రాగానే వెంట్ మళ్లీ గో అయిపోతుంది. ఇంతకంటే మంచి వివరణ నాకు ఇంగ్లిష్‌లో దొరకలేదు.

అపోహ: నిన్నటిదాకా “వెంట్” అన్న పిల్ల ఇవాళ “గోడ్” అంటే చదువు వెనక్కి పోయింది.

ముందుకే పోయింది. ఈడీ తగిలిస్తే పాతది అవుతుందన్న సూత్రం ఎవరూ చెప్పకుండానే దొరికి, దాన్ని కనబడిన ప్రతిదానికీ తగిలిస్తోంది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న పిల్లలూ ఇదే చేస్తారు. “ఓహో, యూ వెంట్?” అని సరైన మాట మళ్లీ వినిపించి కబురు వినండి, చాలు.

అపోహ: హీ, షీ, ఇట్ వస్తే ఎస్ చేర్చాలి, చిన్న సూత్రమే కాబట్టి తొందరగా వచ్చేస్తుంది.

సూత్రం చిన్నదే, నోటికి రావడం మాత్రం బాగా ఆలస్యం. రోజర్ బ్రౌన్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న ముగ్గురు పిల్లలు మాటలు నేర్చే క్రమాన్ని పట్టి చూసి 1973లో రాశాడు, ఇలాంటి తోకలన్నిటికంటే ఐఎన్‌జీ ముందు వచ్చింది, ఈ ఎస్ చాలా వెనక వచ్చింది. పుట్టిన దగ్గర్నుంచీ అదే భాష వినేవాళ్లకే అలా ఉంటే మన పిల్లల్ని యూనిట్ టెస్టులో మార్కులు కోసి ఏం లాభం? నేను మాత్రం తోకల లెక్క చెప్తాను: వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తారు, తెలుగులో ఎవరి తోక వాళ్లదే, ఇంగ్లిష్‌కి మిగిలింది ఎస్ ఒక్కటే, అదీ ఎదురుగా లేని ఒక్కరికే. అయితే నాన్నగారిని ఒట్టి “హీ” అనడానికి కొందరు పిల్లలు మొహమాటపడతారు, “గారు” ఎక్కడ పెట్టాలని అడుగుతారు.

సాధన మాత్రం బస్సు టైములతో. ఇంగ్లిష్ బోధన నిపుణులు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా దక్షిణ భారత బడుల్లో వ్యాకరణ పాఠం లేకుండా మ్యాపులు, టైంటేబుళ్ల లాంటి పనులతో ఇంగ్లిష్ నేర్పించి చూశారు, ఆ ఆలోచన నేను అరువు తెచ్చుకున్నాను. “ద బస్ కమ్స్ ఎట్ ఎయిట్ థర్టీ, ఇట్ స్టాప్స్ ఎట్ ద ట్యాంక్.” ఊళ్లోకి రోజూ వచ్చేది ఆ ఒక్క బస్సే కాబట్టి ఎవరికీ బోర్ కొట్టదు.

పోయిన వారం ఐదో తరగతి అమ్మాయి ఒకతి తొమ్మిదిన్నరకి రొప్పుతూ వచ్చి గుమ్మంలో నిలబడి, “టీచర్, బస్ డిడ్ నాట్ కేమ్” అంది. లోపలికి రమ్మన్నాను.