జుట్టు గమ్మీలు కొనే ముందు

బుజ్జితల్లికీ, దాని హాస్టల్ రూములో ఉండే మిగతా ముగ్గురు పిల్లలకీ,

మొన్న ఫోన్ స్పీకర్లో పెట్టి నలుగురూ ఒకేసారి అడిగారు కదా, "అమ్మమ్మా, ఫంగస్ ఎంజైములూ విటమిన్లూ కలిపిన గమ్మీలు వచ్చాయి, తింటే జుట్టు రాలడం ఆగుతుందట, కొనుక్కోమంటావా" అని. ఫోన్లో చెబితే సగం వింటారు, సగం బెంజ్ సర్కిల్ హారన్లలో కొట్టుకుపోతుంది. అందుకని బ్రాడీపేటలో మా వరండాలో కూర్చుని రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి బయోకెమిస్ట్రీ చెప్పినదాన్ని, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు జుట్టు సంగతి. తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి, రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం అందరికీ మామూలే. ఒక్కో వెంట్రుక కొన్నేళ్ళు పెరుగుతుంది, తర్వాత రెండు మూడు నెలలు అలా ఉండిపోయి రాలిపోతుంది, ఆ చోట కొత్తది మొలుస్తుంది. ఒళ్ళు గట్టిగా దెబ్బ తిన్నప్పుడు, అంటే డెంగీయో టైఫాయిడో వచ్చినా, తిండి మానేసి సన్నబడినా, చాలా వెంట్రుకలు ఒక్కసారే పెరగడం ఆపేస్తాయి, కానీ అవి రాలేది మాత్రం రెండు మూడు నెలలు గడిచాక. బుజ్జీ, నీకు వినాయక చవితి వెళ్ళిన వారానికి డెంగీ వచ్చింది, దువ్వెన నిండా జుట్టు వస్తోందని ఏడుస్తూ ఫోన్ చేసింది కార్తీకంలో. లెక్క సరిపోయిందా? హాస్టల్ నీళ్ళూ కాదు, షాంపూ మార్చడమూ కాదు. ఇలా రాలిన జుట్టు చాలామందికి ఆరు నెలల్లో తనంతట తనే సర్దుకుంటుంది.

ఇక ఫంగస్. మన గుంటూరు వాళ్ళకి బూజు అనగానే గుండె ఝల్లుమంటుంది. కల్లంలో మిరపకాయ సరిగ్గా ఎండకముందే బస్తాల్లో తొక్కితే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది, కిలోకి 10 మైక్రోగ్రాములు దాటితే యూరప్ ఆ సరుకు తీసుకోదు. దానికి అన్నదమ్ముల వరసయ్యే ఇంకో బూజు ఉంది, ఆస్పర్‌జిల్లస్ ఒరైజే. అది ఆ విషం చెయ్యదు. జపాన్ వాళ్ళు వందల ఏళ్ళుగా దాన్ని బియ్యం మీదా సోయా గింజల మీదా పెంచి సాసులు చేసుకుంటున్నారు. జోకిచి టకామినె అనే ఆయన దాన్నుంచి పిండిని అరిగించే ఎంజైము తీసి 1894లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. అరగడం లేదని తాతయ్య తాగే సిరప్ సీసా తిప్పి చూడండి, ఫంగల్ డయాస్టేజ్ అని ఉంటుంది, అది ఈ కోవదే.

అయితే ఒక ఎంజైముకి తెలిసింది ఒక్క పనే. వెంట్రుక కెరాటిన్ అనే ప్రొటీన్. ఆ కెరాటిన్‌ని తినేసే ఎంజైము చేసే ఫంగస్‌లూ ఉన్నాయి, చిన్నపిల్లల తలలో తామర వచ్చి అక్కడక్కడా జుట్టు ఊడిపోయేది వాటి వల్లే. ప్రొటీన్‌ని కోసే ఎంజైములతో తోళ్ళ మీది వెంట్రుకలు ఊడదీసే పద్ధతీ ఉంది, చెన్నైలోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ దీని మీద చాలా పని చేసింది. అందుకే డబ్బా మీద ఉత్తినే "ఫంగల్ ఎంజైములు" అని రాస్తే సరిపోదు, ఏ ఎంజైము, దేన్ని కోస్తుంది అని అడగాలి. పైగా మింగిన ఎంజైము కూడా ప్రొటీనే, పప్పు అరిగినట్టే కడుపులో అరిగిపోతుంది, ఎక్కుతూ ఎక్కుతూ జుట్టు కుదురు దాకా వెళ్ళదు. అది పని చేస్తే గిస్తే కడుపులో ఉన్న తిండి మీదే చెయ్యాలి.

ఆ పని నిజంగా చేసేది ఒకటుంది, ఫైటేజ్. రాగులు, గోధుమలు, పప్పులు, వీటన్నిటిలో ఫైటిక్ యాసిడ్ ఉంటుంది. ఒక్కో అణువుకి ఆరు ఫాస్ఫేట్ చేతులు, ఆ చేతులతో ఐరన్‌నీ జింకునీ పట్టుకుని వదలదు. మనం తింటాం, అవి ఒంటికి పట్టకుండానే బయటికి పోతాయి. ఫైటేజ్ ఆ చేతుల్ని ఒక్కొక్కటే తెంపుతుంది. ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే నల్ల బూజు చేసే ఫైటేజ్‌కి పులుపంటే భయం లేదు, కడుపులోని యాసిడ్‌లోనూ పని చేస్తుంది. 1991 నుంచి దీన్ని పందుల, కోళ్ళ మేతలో కలపడానికి అమ్ముతున్నారు. 1996లో స్వీడన్ పరిశోధకులు గోధుమ పొట్టు కలిపిన రొట్టెలతో పాటు ఈ ఎంజైము ఇచ్చి చూస్తే మనుషుల్లో ఐరన్ పట్టడం దాదాపు రెట్టింపైంది.

మా ల్యాబులో ప్రతి ఏడాదీ ఇది చేయించేదాన్ని. కోనికల్ ఫ్లాస్కులో తడిపిన గోధుమ పొట్టు వేసి, దూది బిరడా పెట్టి, ఆటోక్లేవ్‌లో ఆవిరితో క్రిములు చంపి, చల్లారాక ఈ నల్ల బూజు విత్తనం చల్లేవాళ్ళం. రెండో రోజు తెల్లగా దూదిలా అల్లుకునేది, ఐదో రోజుకి కాటుక దులిపినట్టు నల్లబడేది. నీళ్ళు పోసి వడకట్టి, ఆ నీళ్ళని ఫైటిక్ యాసిడ్ ఉప్పైన ఫైటేట్‌లో కలిపి కాసేపాగి మాలిబ్డేట్ మందు, మరో మందు వేస్తే పరీక్షనాళిక నీలమెక్కేది. ఎంత ఫాస్ఫేట్ తెగితే అంత ముదురు నీలం. ఆ నీలంతో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఐరన్ మాత్రలో కలిపే ఫోలిక్ యాసిడ్‌ని ఫ్యాక్టరీలో చేసే దారి చూపిందీ లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో ఆయన బృందమే. ఈ మాట చెప్పిన ప్రతిసారీ క్లాసులో ఆడపిల్లలు నిటారుగా కూర్చునేవారు, నాకూ కళ్ళు చెమర్చేవి.

ఇప్పుడు మీ గమ్మీల్లో అసలు సరుకైన బయోటిన్ అనే బి విటమిన్. మనిషికి రోజుకి కావాల్సింది సుమారు 30 మైక్రోగ్రాములు, గుడ్డు, వేరుశనగ, పప్పులు తింటే వచ్చేస్తుంది, లోపం చాలా అరుదు. మాత్రల్లో 10 మిల్లీగ్రాముల దాకా పెడతారు, అంటే మూడు వందల రెట్ల పైన. నీళ్ళలో కరిగేదే కదా, పోతుందిలే అనుకుంటారు. పోయిన ఏడాది మా చిన్న మనవరాలు ఎవరో చెప్పారని రెండు నెలలు మింగింది, థైరాయిడ్ టెస్టులో టీఎస్‌హెచ్ బాగా తక్కువ, టీ4 ఎక్కువ, అంటే థైరాయిడ్ మితిమీరి పని చేస్తున్నట్టు. ల్యాబులో ఏమైనా మాత్రలు వాడుతున్నావా అని ఒక్కరూ అడగలేదు. ఇంటిల్లిపాదికీ టెన్షన్, వాళ్ళమ్మ మూడు రాత్రులు నిద్రపోలేదు. నేను ఆ డబ్బా చూసి మాన్పించి వారం తర్వాత మళ్ళీ టెస్టు చేయిస్తే అంతా నార్మల్. చాలా టెస్టు కిట్లలో బయోటిన్‌నే పట్టుకొయ్యలా వాడతారు, రక్తంలో అది ఎక్కువైతే లెక్క తారుమారవుతుంది. గుండెపోటుని పట్టే ట్రోపోనిన్ టెస్టు కూడా తప్పొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. మీలో ఎవరైనా ఇప్పటికే వాడుతుంటే రక్తం ఇచ్చే ముందు తప్పకుండా చెప్పండి.

కాబట్టి కొనొద్దు. ఒంట్లో ఐరన్ తగ్గినా జుట్టు రాలొచ్చు, అందుకని ఆ డబ్బుతో నలుగురూ హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ టెస్టులు చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది, మీరు నలుగురున్నారు, లెక్క మీరే వేసుకోండి. తక్కువుంటే డాక్టరు రాసిన ఐరన్ వేసుకోవాలి, సొంత వైద్యం వద్దు. భోజనంతో పాటు టీ తాగకండి, గంట ఆగండి, టీలోని వగరు ఐరన్‌ని పట్టేస్తుంది. తిన్నాక ఒక జామకాయ కొరకండి, అందులోని సి విటమిన్ ఐరన్ పట్టడానికి సాయం చేస్తుంది. పాలల్లో పచ్చిగుడ్డు కొట్టుకుని తాగే అలవాటు మీలో ఒకరికి ఉందని విన్నాను, పచ్చి తెల్లసొన బయోటిన్‌ని కట్టేస్తుంది, ఉడికించి తినమ్మా.

ఫైటేజ్ కోసం డబ్బాలు అక్కర్లేదు, గింజలోనే కొంత ఉంటుంది, నానబెట్టి మొలకెత్తిస్తే లేచి పని మొదలుపెడుతుంది. నిన్న రాత్రి రెండు కిలోల రాగులు నానేశాను, పొద్దున గుడ్డలో మూట కట్టాను, తెల్లటి మొలక కనిపిస్తోంది. ఎండబెట్టి వేయించి పట్టించి ఉంచుతాను, జావకి మీ రూములో కెటిల్ చాలదు, మెస్ ఆయమ్మని అడగండి. బుజ్జీ, ఆదివారం వచ్చేటప్పుడు నీ పాత బ్లడ్ రిపోర్టులు తెచ్చుకో, రాగిపిండికి మూత గట్టిగా ఉన్న డబ్బా కూడా.

మీ అమ్మమ్మ